దండు వైద్యుల అచ్చు చరిత్ర – 6: పత్రిక చేతులు మారినప్పుడు

2020లో లండన్ నుంచి వెలువడే ఒక పాత సైనిక వైద్య పత్రిక పేరు మారింది. 1903 జులై నుంచి ‘జర్నల్ ఆఫ్ ది రాయల్ ఆర్మీ మెడికల్ కోర్’గా నడిచిన ఆ పత్రిక ‘బీఎంజే మిలిటరీ హెల్త్’ అయింది. దాని ప్రచురణ బాధ్యత అంతకు కొన్నేళ్ళ ముందే బీఎంజే సంస్థకు చేరింది. అమెరికా సైనిక వైద్యుల సంఘం తన ‘మిలిటరీ మెడిసిన్’ పత్రికను 2018 నుంచి ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ ద్వారా వెలువరిస్తోంది. మన సైనిక వైద్య సేవల పత్రిక ‘మెడికల్ జర్నల్ ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ఇండియా’ ప్రచురణ కూడా అదే దశకంలో ఎల్సెవియర్ చేతికి వెళ్ళింది. మూడు దేశాల సైనిక వైద్య పత్రికలు ఇంచుమించు ఒకే కాలంలో సొంత అచ్చు ఏర్పాట్లు వదిలి పెద్ద ప్రచురణ సంస్థల గడప తొక్కాయంటే దానికి ఏదో ఒక పత్రిక ఖర్చుల లెక్కను మించిన కారణం ఉండి తీరాలి. సైన్యం తన గొంతును పరాయి వ్యాపారులకు అప్పగించిందని బాధపడేవారు ఆ మూడు దేశాల్లోనూ ఉన్నారు. వారి బాధలో నిజం కొంత ఉంది. అయినా నూటయాభై ఏళ్ళ వెనక నుంచి చూస్తూ వస్తే ఈ మార్పు వేరుగా కనిపిస్తుంది. దండు వైద్యుడు రాసినదాన్ని మొదట పై అధికారి చదవాలా, రెజిమెంటుతో సంబంధం లేని సాటి వైద్యుడు చదవాలా అన్న పాత తగాదాలో ఇది తాజా మలుపు మాత్రమే. ఆ తగాదాలో బయటి పాఠకుడి వైపు వేసిన ప్రతి అడుగూ సైనికుడి ప్రాణానికి మేలే చేసిందని, పత్రిక మీద హక్కు సైనిక వైద్యుల దగ్గరే మిగిలినంత వరకు ఈ కొత్త అడుగు కూడా మేలే చేస్తుందని ఈ భాగంలో చూపదలచాను.

పత్రికలు పుట్టక ముందు సైనిక వైద్యుడి రాతకు ఒకే దారి ఉండేది. అది నివేదిక. క్రిమియా యుద్ధంలో శత్రువు తుపాకి కన్నా విరేచనాలు, జ్వరాలే ఎక్కువ మందిని చంపాయని తేలాక, ఫ్లోరెన్స్ నైటింగేల్ వంటివారి ఒత్తిడితో బ్రిటిష్ సైనిక వైద్య శాఖ 1859వ సంవత్సరపు లెక్కలతో మొదలుపెట్టి ఏటేటా గణాంక నివేదికలు అచ్చువేయసాగింది. ఎన్ని దళాలు, ఎంతమందికి ఏ జబ్బు, ఎందరు చనిపోయారు అన్న పట్టికలు వాటిలో ముందుండేవి. ఎవరైనా వైద్యుడు సూక్ష్మదర్శిని ముందు కూర్చుని ఏదైనా కొత్తది చూస్తే అది వెనక అనుబంధంగా చేరేది. భారతదేశంలోనూ ఇదే పద్ధతి. కలకత్తాలో పనిచేస్తున్న తిమోతీ లూయిస్ అనే సైనిక వైద్యుడు 1872లో మనిషి రక్తంలో సన్నని పురుగు పిల్లలు కదలడం చూశాడు. మన కోస్తా జిల్లాల్లో తరతరాలుగా కాళ్ళు వాపెక్కించిన బోదకాలు జబ్బుకు మూలమైన ఫైలేరియా పురుగు పిల్లలవి. వైద్య చరిత్రలో అంత పెద్ద విషయం భారత ప్రభుత్వ శానిటరీ కమిషనర్ గారి వార్షిక నివేదికకు అనుబంధంగా వెలువడింది. ఆ నివేదిక రాసింది ప్రభుత్వానికి. దానిని చదవవలసినవారు కార్యదర్శులు, సైనిక శాఖ అధికారులు. చైనాలో పనిచేస్తూ సెలవు మీద ఇంగ్లండు వచ్చిన ప్యాట్రిక్ మాన్సన్ బ్రిటిష్ మ్యూజియం గ్రంథాలయంలో లూయిస్ రచన చదవడం వల్లనే అది తన అసలు పాఠకుడిని చేరింది. తిరిగి వెళ్ళిన మాన్సన్ 1877లో ఆ పురుగు పిల్లలు దోమ ఒంట్లో పెరుగుతాయని చూపాడు. దోమకూ జ్వరానికీ ముడిపెట్టే ఆలోచన అక్కడే మొలకెత్తి, తర్వాత రొనాల్డ్ రాస్ చేతికి అందింది. అనుబంధంగా వచ్చిన రాత కూడా లోకాన్ని మార్చిందని దీన్ని ఉదాహరణగా చూపవచ్చు గాని, ఒక వైద్యుడు సెలవులో గ్రంథాలయానికి వెళ్ళడం మీద ఆధారపడిన ఏర్పాటును ఏర్పాటు అనలేం.

ఈ లోపం భారత ప్రభుత్వానికీ తెలిసింది. నివేదికల నుంచి పరిశోధనను విడదీసి ‘సైంటిఫిక్ మెమోయిర్స్ బై మెడికల్ ఆఫీసర్స్ ఆఫ్ ది ఆర్మీ ఆఫ్ ఇండియా’ అనే వరుసను శానిటరీ కమిషనర్ సంపాదకత్వంలో ప్రారంభించింది. మొదటి భాగం 1885లో వచ్చింది. 1901 దాకా పన్నెండు భాగాలు వెలువడ్డాయి. పెద్ద అట్ట, మంచి కాగితం, రంగుల చిత్రాలు. రాసినవారి పేర్లు ముందుకొచ్చాయి. దండు వైద్యుడికి శాస్త్రజ్ఞుడిగా గుర్తింపు ఇచ్చిన మొదటి ప్రభుత్వ ప్రచురణ ఇదే అనడం అతిశయోక్తి కాదు. అయితే ఇదింకా పత్రిక కాలేదు. ఏడాదికో రెండేళ్ళకో ఒక భాగం వచ్చేది. వచ్చిన వ్యాసాన్ని ఖండించే ఉత్తరానికి అందులో చోటు లేదు. మొదటి భాగంలోనే డేవిడ్ డగ్లస్ కనింగ్‌హామ్ ‘ఢిల్లీ పుండు’ అనే చర్మవ్యాధి మీద ఒక వ్యాసం రాశాడు. పుండు నుంచి కోసిన ముక్కలో కొన్ని వింత పరాన్నజీవులను చూసి, బొమ్మలు వేసి చూపాడు. ఆయన చూసింది నిజమే. తర్వాతి కాలంలో కాలా అజార్ జబ్బుకు కారణమని తేలిన సూక్ష్మజీవి కుటుంబానికి చెందిన వాటినే ఆయన చూశాడు. కాని వాటిని అర్థం చేసుకోవడంలో పొరబడ్డాడు. పొరపాటు పడని పరిశోధకుడు ఉండడు, దాన్ని తప్పు పట్టనక్కరలేదు. తప్పు పట్టవలసింది, ఆ పొరపాటును మరుసటి నెలలో మరొకరు అదే పుటల్లో సరిదిద్దే వీలు లేకపోవడాన్ని.

అదే పుండు తాష్కెంట్‌లో రష్యా సైనికులనూ పీడించింది. అక్కడి సైనిక ఆసుపత్రిలో శస్త్రవైద్యుడు ప్యోత్ర్ బొరోవ్‌స్కీ దాని మూలం ఒక ప్రోటోజోవా అని సరిగ్గా పోల్చుకుని 1898లో ప్రచురించాడు. ప్రచురించింది రష్యా ‘సైనిక వైద్య పత్రిక’లో. 1823లో పుట్టి నేటికీ నడుస్తున్న ఆ పత్రిక ఇలాంటివాటిలో అతి పాత పత్రికల్లో ఒకటి. దాని స్థాపకుడు జార్ కొలువులో పనిచేసిన జేమ్స్ వైలీ అనే స్కాట్లండ్ వైద్యుడు. అంత చరిత్ర ఉన్న పత్రికలో, సరైన నిర్ణయంతో అచ్చయిన ఆ వ్యాసం సరిహద్దు దాటలేదు. 1938లో సి.ఎ. హోర్ అనే పరిశోధకుడు దాన్ని వెలికితీసి ఇంగ్లిష్ పాఠకుల ముందు పెట్టేదాకా, అంటే నలభై ఏళ్ళు, పశ్చిమ ఐరోపా వైద్యులకు బొరోవ్‌స్కీ పేరు తెలియదు. ఈ లోగా 1903లో బోస్టన్‌లో జేమ్స్ హోమర్ రైట్ అదే సూక్ష్మజీవిని అలాంటి పుండులోనే చూసి వర్ణించాడు. ఘనత ఆయనకు దక్కింది.

ఇప్పుడు ఇదే సూక్ష్మజీవి కుటుంబం కథలో మూడో ఘట్టం. విలియం లీష్‌మన్ బ్రిటిష్ సైనిక వైద్యుడు. నెట్లీలోని ఆర్మీ మెడికల్ స్కూల్‌లో ఉండగా 1900లో, కలకత్తా దగ్గరి డమ్ డమ్ కంటోన్మెంటులో జ్వరం తగిలి స్వదేశానికి చేరి మరణించిన ఒక సైనికుడి ప్లీహం పరీక్షించాడు. అందులో చిన్న చిన్న గుండ్రని ఆకారాలు కనిపించాయి. అవి ఏమిటో తేల్చుకోలేక ఊరుకున్నాడు. మూడేళ్ళ తర్వాత మరో ప్రయోగంలో అలాంటివే కనిపించడంతో 1903 మే 30న ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’లో తన అనుమానం ప్రకటించాడు. మద్రాసు జనరల్ ఆసుపత్రిలో చార్లెస్ డొనొవన్ అనే ఇండియన్ మెడికల్ సర్వీస్ అధికారి అప్పటికే శవపరీక్షల్లో అవే ఆకారాలు చూసి ఉన్నాడు. లండన్ సంచికలోని వ్యాసం తెలియగానే ఆయన బతికున్న రోగి ప్లీహం నుంచి నమూనా తీసి, అవి చనిపోయాక కుళ్ళడం వల్ల వచ్చిన ఆకారాలు కావని రుజువు చేశాడు. ఆయన రాత జులై 11న అదే పత్రికలో వచ్చింది. ఓడల మీద టపా నడిచే రోజుల్లో ఒక ప్రశ్నకు సముద్రాల అవతల నుంచి జవాబు ఆరు వారాల్లో అచ్చయింది. డొనొవన్ పంపిన స్లైడులను పారిస్‌లో పరాన్నజీవుల నిపుణుడు లావెరాన్ చూశాడు. ఆ ఏడాది నవంబరులో రాస్ ఆ జీవికి ఇద్దరి పేర్లూ కలిపి ‘లీష్‌మానియా డొనొవని’ అని పేరు పెట్టాడు.

కనింగ్‌హామ్, బొరోవ్‌స్కీ, లీష్‌మన్, డొనొవన్ నలుగురూ ప్రభుత్వ జీతం మీద సైన్యంలోనో దానికి అనుబంధమైన సర్వీసులోనో ఉన్న వైద్యులే. నలుగురికీ సూక్ష్మదర్శినులు ఉన్నాయి, ఓపిక ఉంది. ఫలితంలో అంత తేడా రావడానికి రాత ఎక్కడ అచ్చయిందన్నదే ముఖ్య కారణమని నేను నమ్ముతున్నాను. దీనికి ఒక అభ్యంతరం వెంటనే రావచ్చు. బొరోవ్‌స్కీని మరుగున పడేసింది రష్యన్ భాష గాని సైనిక పత్రిక కాదు కదా అని. భాష పాత్ర ఉందని ఒప్పుకుంటాను. కాని రష్యన్‌లో రాసిన మాత్రాన ఏ శాస్త్రమూ అంతగా మరుగున పడలేదు. సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి వచ్చే పౌర వైద్య వార్తలను జర్మన్ సంగ్రహ పత్రికలు ఏరుకుని వేసుకునేవి. సైన్యం తన వాళ్ళ కోసం తాను నడుపుకునే పత్రికను వెతుక్కుంటూ వెళ్ళవలసిన అవసరం బయటివారికి కనిపించలేదు. ఇంగ్లిష్‌లోనే రాసిన కనింగ్‌హామ్ వ్యాసం మీదా పద్దెనిమిదేళ్ళ పాటు లీష్‌మన్‌కూ డొనొవన్‌కూ మధ్య జరిగినంత వేగంగా చర్చ సాగలేదు. గోడ భాష ఒక్కటే అయితే ఇంగ్లిష్ వ్యాసం దాటి ఉండాలి.

మన నేల మీద జరిగిన ఉదాహరణ ఇంకా తెలిసిందే. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ ఒక దోమ పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవి ఎదుగుతున్న గుండ్రని కణాలను చూశాడు. హుసేన్ ఖాన్ అనే రోగికి ఒక్కో దోమకు ఒక్కో అణా ఇచ్చి కుట్టించిన దోమల్లో అదొకటి. సెప్టెంబరు చివరికల్లా సైన్యం ఆయన్ని అక్కడి నుంచి బదిలీ చేసింది. చివరికి మలేరియా పెద్దగా దొరకని రాజపుటానాలోని ఖేర్‌వాడా చేరాడు. అధికార శ్రేణికి ఆ కణాల విలువ తెలియదు. తెలుసుకునే బాధ్యతా దానికి లేదు. ఆయన రాసింది డిసెంబరు 18న ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’లో వచ్చింది. దానితోపాటే స్మిత్ అనే మరో వైద్యాధికారి రాసిన గమనిక కూడా అచ్చయింది. ఒకే చోట అధికారి సంతకం, లోకానికి పిలుపు. మాన్సన్ లండన్‌లో స్లైడులు చూసి నలుగురికీ చూపడం, ఆయన పట్టుదలతో ప్రభుత్వం రాస్‌ను 1898లో కలకత్తాకు పరిశోధన కోసం పంపడం ఆ అచ్చు పుణ్యమే. సికిందరాబాదు కంటోన్మెంటు దస్త్రంలో ఒక పేజీగా మిగిలి ఉంటే 1902 నోబెల్ బహుమానం దాకా దారి ఉండేది కాదు.

ఇంత చెప్పాక అసలు చిక్కు ఎదురవుతుంది. దండు వైద్యుల గొప్ప పరిశోధనలన్నీ పౌర పత్రికల్లోనే వెలిగితే, సైనిక వైద్య పత్రిక అవసరం ఏమిటి? ఇది తేలికగా తోసేయగల అభ్యంతరం కాదు. జాబితా ఇంకా పెంచవచ్చు. మాల్టా జ్వరానికి మూలమైన సూక్ష్మజీవిని కనుగొన్న డేవిడ్ బ్రూస్ 1887లో దాన్ని ‘ప్రాక్టీషనర్’ అనే పౌర పత్రికకు ఇచ్చాడు. పసుపు జ్వరాన్ని దోమ మోస్తుందని క్యూబాలో తేల్చిన అమెరికన్ సైనిక వైద్యుడు వాల్టర్ రీడ్ తన మొదటి ప్రకటనను 1900 అక్టోబరులో ‘ఫిలడెల్ఫియా మెడికల్ జర్నల్’లో వేయించాడు. అప్పటికి అమెరికా సైనిక వైద్యులకు సొంత సంఘం ఉంది. నికొలస్ సెన్ చొరవతో 1891లో ఏర్పడిన ఆ సంఘం ఏటా సమావేశ పత్రాలు అచ్చువేసేది. ఆ తర్వాత పత్రికగా మారి, 1907లో ‘మిలిటరీ సర్జన్’, 1955లో ‘మిలిటరీ మెడిసిన్’ అయింది. రీడ్ దానికోసం ఆగలేదు. ఆగకపోవడమే మంచిదయింది.

అయినా సైనిక వైద్య పత్రిక అక్కరలేదని దీని నుంచి తేలదు. వైద్యంలో పెద్ద ఆవిష్కరణ ఒక వంతు, దాన్ని నలభై మైళ్ళ ఎండలో నడిచే దళానికి పనికొచ్చేలా మలచడం తొమ్మిది వంతులు. నీళ్ళను ఏ పాత్రలో ఎంతసేపు మరిగించాలి, ఎంత మందు కలపాలి, వడదెబ్బ తగిలిన జవానును మోసే డోలీ ఎలా ఉండాలి, మరుగుగుంట వంటపాకకు ఎంత దూరాన తవ్వాలి, గాయపడినవాడిని కొండ మీద నుంచి దించడానికి కంచర గాడిద మేలా మనిషి భుజం మేలా. ఇవి పౌర పత్రిక సంపాదకుడు అక్కరలేదని తిప్పి పంపే విషయాలు. సైనికుడి బతుకు వీటి మీదే ఉంది. బోయర్ యుద్ధంలో దక్షిణాఫ్రికాలో టైఫాయిడ్ ఒక్కటే ఎనిమిది వేలకు పైగా బ్రిటిష్ సైనికులను పొట్టన పెట్టుకుంది. తూటాలకు పోయినవారికన్నా జబ్బులకు పోయినవారే చాలా ఎక్కువ. నీటిశుద్ధి గురించి అప్పటికి తెలియక కాదు, తెలిసినది ప్రతి పటాలం వైద్యుడి చేతికి నెలనెలా చేరే ఏర్పాటు లేక. ఆ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాదే, 1903లో, రాయల్ ఆర్మీ మెడికల్ కోర్ తన మాసపత్రికను ప్రారంభించింది. దాని పాత సంపుటాల్లో సగం పుటలు ఇలాంటి నేల మీది సంగతులే. లోకానికి చెప్పే పత్రిక ఒకటి, ఇంట్లోవాళ్ళకు చెప్పే పత్రిక ఒకటి వేర్వేరుగా కావాలని ఆనాటి పెద్దలు భావించి ఉండవచ్చు. ఆ విభజన ఎందుకు నిలవదో చెప్పడానికి మరో సంఘటన చూపాలి.

ఆల్మ్‌రోత్ రైట్ నెట్లీలో ఆచార్యుడిగా ఉంటూ టైఫాయిడ్‌కు టీకా తయారుచేశాడు. భారతదేశానికీ దక్షిణాఫ్రికాకూ వెళ్ళే దళాల్లో ఇష్టపడ్డవారికి అది వేశారు. వేసుకున్నవారికి జబ్బు తక్కువగా వచ్చిందని సైన్యం దగ్గర అంకెలు ఉన్నాయి. లోపలివారు మాత్రమే చదివితే అక్కడితో కథ ముగిసేది. ఆ అంకెలను సింప్సన్ అనే సైనిక వైద్యాధికారి బయటి గణితశాస్త్రవేత్త కార్ల్ పియర్సన్‌కు అందజేశాడు. 1904 నవంబరు 5న పియర్సన్ విశ్లేషణ ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’లో వచ్చింది. వేర్వేరు దళాల ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదని, ఇష్టపడి టీకా వేసుకున్నవాడు ఇతర జాగ్రత్తలూ ఎక్కువగా తీసుకుని ఉండవచ్చని, రుజువు చాలదని ఆయన తేల్చాడు. ఇష్టపడి వచ్చినవారి జాబితా రాసి అందులో ఒకరిని విడిచి ఒకరికి టీకా వేసి చూడండి అని మార్గం కూడా చెప్పాడు. రైట్ మండిపడ్డాడు. వారాల తరబడి ఇద్దరి వాదం అచ్చులో నడిచింది. ఆ తర్వాత లీష్‌మన్ పర్యవేక్షణలో టీకాను మెరుగుపరచి, భారతదేశానికి వచ్చే పటాలాలతో శిక్షణ పొందిన వైద్యులను పంపి, ప్రతి కేసునూ రక్తపరీక్షతో నిర్ధారిస్తూ ఏళ్ళ పాటు లెక్క తీశారు. 1914లో మహాయుద్ధం వచ్చేనాటికి బ్రిటిష్ సైన్యం దగ్గర నమ్మదగిన టీకా ఉంది, దాన్ని సమర్థించే నమ్మదగిన అంకెలూ ఉన్నాయి. పియర్సన్‌కు సైన్యం తెలియదు, ఎన్నడూ కవాతు చేయలేదు. అందుకే లోపలివారికి అలవాటై కనిపించని లోపం ఆయనకు కనిపించింది. ఇంటి సంగతులే అయినా పరాయి కన్ను పడాలి.

భారతదేశపు కథ ఇక్కడ కాస్త విడిగా నడిచింది. 1866లో కలకత్తాలో మొదలైన ‘ఇండియన్ మెడికల్ గెజెట్’ పేరుకు సైనిక పత్రిక కాదు గాని, దాని సంపాదకులు ఎక్కువగా ఇండియన్ మెడికల్ సర్వీస్ అధికారులే. ఆ సర్వీసు సగం సైనికం, సగం పౌరం. యుద్ధం వస్తే పటాలానికి, లేకపోతే జిల్లా ఆసుపత్రికి. అందువల్ల గెజెట్‌లో సైనిక వైద్యుడి రాత, ఊరి ఆసుపత్రి సర్జన్ రాత పక్కపక్కనే పడేవి. ‘సైంటిఫిక్ మెమోయిర్స్’ 1902 నుంచి ‘సైన్యం’ అన్న మాట వదిలి, వైద్య, శానిటరీ శాఖల అధికారులందరి పేరుతో కొత్త వరుసగా నడిచి, 1913లో ‘ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రిసెర్చ్’కు చోటిచ్చింది. కాలా అజార్‌కు మందు కనిపెట్టిన ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి సైనికాధికారి కాదు. ఆయన పరిశోధనకు ఈ కొత్త పత్రికలో చోటు దొరికింది. సర్వీసు గోడలు అచ్చులో కూలడం వల్ల కలిగిన లాభానికి అంతకన్నా మంచి సాక్ష్యం అక్కరలేదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1943 ఏప్రిల్ 3న, విడివిడిగా ఉన్న సర్వీసులను కలిపి ఇండియన్ ఆర్మీ మెడికల్ కోర్ ఏర్పాటు చేశారు. రెండేళ్ళకు, 1945లో, దాని సొంత పత్రిక పుట్టింది. స్వాతంత్ర్యం వచ్చాక, 1948లో పుణేలో ఆర్మ్‌డ్ ఫోర్సెస్ మెడికల్ కాలేజీ వెలిసింది. ఆ పత్రిక మూడు దళాలకూ ఉమ్మడిదై, నేటి పేరు తెచ్చుకుంది. ‘ఇండియన్ మెడికల్ గెజెట్’ మాత్రం 1955లో ఆగిపోయింది.

ఇప్పుడు ఈ శతాబ్దపు మార్పుకు వద్దాం. పెద్ద ప్రచురణ సంస్థ చేతికి వెళ్ళడం వల్ల మారేది అట్ట కాదు. వ్యాసం వెబ్ ద్వారా చేరుతుంది. దాన్ని చదివి తీర్పు చెప్పే సమీక్షకులు కంటోన్మెంటు బయటి నుంచి, దేశం బయటి నుంచి కూడా దొరుకుతారు. ప్రతి వ్యాసానికి శాశ్వత గుర్తింపు సంఖ్య వస్తుంది. సూచికల్లో చేరుతుంది, ఏ మూల వెతికినా తేలుతుంది. బొరోవ్‌స్కీకి నలభై ఏళ్ళు పట్టిన పని ఇప్పుడు కొన్ని క్షణాలది. లడఖ్ ఎత్తుల్లో ఊపిరితిత్తుల్లో నీరు చేరే జబ్బు మీద మన సైనిక వైద్యులకు ఉన్న అనుభవం లోకంలో చాలా కొద్దిమందికే ఉంది. ఆ అనుభవం పెరూ వైద్యుడికి కనిపించాలంటే, ఆయన తప్పులు పట్టి ఉత్తరం రాయాలంటే, ఈ దారి తప్ప మరొకటి లేదు.

సైన్యం రహస్యాలు బయటికి పోతాయన్న భయం ఒకటి ఉంది. సైనికాధికారి ఏది ప్రచురించాలన్నా ముందే పై అనుమతి తీసుకోవాలి. ప్రచురించేది ఎవరైనా ఆ నియమం అలాగే ఉంటుంది. కాబట్టి ఆ భయానికి ప్రచురణ సంస్థతో సంబంధం లేదు. అసలు భయపడవలసింది మరొకదానికి అంటాను. మహాయుద్ధంలో చార్లెస్ మయర్స్ అనే వైద్యుడు 1915లో ‘లాన్సెట్’ ద్వారా ‘షెల్ షాక్’ (ఫిరంగి గుండ్ల దెబ్బకు సైనికుడి మనసు చెదిరే జబ్బు) అనే మాటను వైద్య లోకం ముందుంచాడు. 1917 జూన్‌లో సైన్యం ఒక ఉత్తర్వు వేసి, ఆ మాటను నోట పలకరాదని, దళ పత్రాల్లో, ఆసుపత్రి పత్రాల్లో రాయరాదని నిషేధించింది. జబ్బు పోలేదు, దాని పేరు పోయింది. సైనికుల సంఖ్య, యుద్ధ స్థైర్యం చూసే సేనాధిపతికి అలా అనిపించడంలో ఆశ్చర్యం లేదు. ఆ పని ఆయనది. అందుకే వైద్య పత్రికకు ఆయన సంపాదకుడు కాకూడదు.

మరో అభ్యంతరం దీనికన్నా బరువైనది. దాని ముందు నా వాదన కొంత తగ్గాలి. సమీక్షలు, సూచికలు, ఎన్నిసార్లు ఇతరులు ఉటంకించారన్న లెక్కలు వచ్చాక పత్రిక పెద్ద పరిశోధనల కోసం ఎదురుచూస్తుంది. సరిహద్దు చౌకీలో ఉన్న యువ కెప్టెన్ రాసిన రెండు పేజీల అనుభవం, ‘ఇలా చేశాను, పనిచేసింది, ఇక్కడ చెడింది’ అన్న రాత, లెక్కలు చాలవని తిరిగి వస్తుంది. 1903 సంపుటాల ప్రాణం అలాంటి రాతల్లోనే ఉంది. ఇది ఊహించిన నష్టం కాదు, పత్రిక ఏదైనా బయటి కొలతలకు ఒదిగినప్పుడల్లా జరిగేదే. దీనికి మందు ప్రచురణను వెనక్కి తీసుకోవడం కాదని మాత్రం అంటాను. ఆ రెండు పేజీలకు చోటు కేటాయించే అధికారం సంపాదకుడిది. సంపాదకుణ్ణి నియమించేది ఎవరన్నది ఒప్పందంలో రాయవలసిన మొదటి వాక్యం.

రెండో వాక్యం హక్కుల గురించి. మన పత్రికలో వ్యాసాల కింద కాపీరైటు సైనిక వైద్య సేవల డైరెక్టర్ జనరల్ పేరనే ఉండి, ఎల్సెవియర్ ప్రచురణకర్తగా కనిపిస్తుంది. ‘మిలిటరీ మెడిసిన్’ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చినా సంఘం తరఫునే వస్తుంది. ఈ ఏర్పాటు మామూలు లాంఛనం కాదు. ఎవరి దగ్గర హక్కు ఉందో వారే రేపు ప్రచురణ సంస్థను మార్చగలరు, పాత సంచికలను ఉచితంగా తెరిచి ఉంచగలరు. కూలి ఇచ్చి ఇల్లు కట్టించుకోవడానికి, ఇల్లే రాసివ్వడానికి ఉన్న తేడా ఇది. చందా గోడ వెనక తన సొంత పత్రికను చదవలేని సైనిక వైద్యుడు ఉంటే ఆ ఒప్పందం చెడ్డదని నిస్సంకోచంగా అనాలి. మన సైనిక పత్రిక వ్యాసాలు, అలాగే ఆగిపోయిన ‘ఇండియన్ మెడికల్ గెజెట్’ సంపుటాలు నేడు అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయపు ఉచిత భాండాగారంలో ఎవరైనా చదువుకోవచ్చు. వరంగల్‌లోనో విశాఖలోనో వైద్య విద్యార్థి ఫోను మీద 1890ల గెజెట్ తెరవగలగడం చిన్న విషయం కాదు. దాన్ని కాపాడుకునే నిబంధన ఒప్పందంలో ఉండాలి, మర్యాద మీద వదిలేయకూడదు.

ఇక పేరు మార్పు. కోర్ పేరు పోయిందని బ్రిటన్‌లో బాధపడ్డవారిని తేలిక చేయను. నూట పదిహేడేళ్ళ పేరు, రెండు మహాయుద్ధాల్లో పనిచేసి పోయినవారి పేరు అది. కాని ఆ పత్రికలో అప్పటికే నౌకాదళ, వాయుసేన వైద్యులు, నర్సులు, పౌర పరిశోధకులు రాస్తున్నారు. వారిలో చాలామంది ఆ కోర్‌కు చెందినవారు కారు. 2024 నవంబరులో బ్రిటన్ ఆ కోర్‌ను, దంతవైద్యుల కోర్‌ను, నర్సుల కోర్‌ను కలిపి రాయల్ ఆర్మీ మెడికల్ సర్వీస్‌గా ఏర్పాటు చేసింది. పాత పేరే పట్టుకుని ఉంటే నాలుగేళ్ళకే పత్రిక పేరులో లేని సంస్థ మిగిలేది. ఆ కలయికలో నర్సుల కోర్ తెచ్చిన అచ్చు వారసత్వం వేరే కథ. సైన్యంలో నర్సులు తమ పేరుతో రాయడానికి ఎంతకాలం పట్టిందో వచ్చే భాగంలో చూద్దాం.